ఎవరి నడక వారిది. దిద్దే చేయి ఎవరిది?

ఇంటిపట్టున కూర్చుని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్క పాఠం చదువుకుంటూ, అంతర్జాలంలోని కోర్సుల ద్వారా వెబ్‌సైటు రూపకల్పన నేర్చుకునేవారు నేడు ప్రపంచమంతటా లక్షల సంఖ్యలో ఉన్నారు. ఈ చదువుకు బడిగంట లేదు, హాజరుపట్టీ లేదు, ఫలానా తేదీలోగా ముగించాలన్న నిర్బంధమూ లేదు. అర్థమైతే ముందుకు పోవచ్చు. కాకపోతే అదే పాఠాన్ని పదిసార్లు తిరగవేయవచ్చు. ఎవరి నడక వారిది.

ఈ పద్ధతిని గురించి సామాన్యంగా రెండు మాటలు వినబడుతూ ఉంటాయి. ఇది అంతర్జాలం కన్న బిడ్డ అన్నది మొదటిది. ఇందులో ఉపాధ్యాయునికి పని లేదన్నది రెండవది. చరిత్రను కాస్త తిరగవేస్తే ఈ రెండు మాటలూ నిలబడవు. మొదటిది తెలియక అన్నమాట. దానివల్ల పెద్ద నష్టం లేదు. రెండవదాని వల్ల మాత్రం నష్టం ఉంది. ఆ నష్టాన్ని భరించేది ఒంటరిగా చదువుకునే విద్యార్థి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండవ మాటను గురించి.

తెలుగులో 'దిద్దుట' అనే క్రియ ఒకటి ఉంది. బాలుడు పలకమీద అక్షరాలు దిద్దుతాడు. గురువు ఆ బాలుని తప్పులు దిద్దుతాడు. నేర్చుకునేవాడు చేసే పనికీ, నేర్పేవాడు చేసే పనికీ మన భాష ఒకే మాటను వాడుకున్నది. చదువు అనేది ఈ రెండు దిద్దుబాట్ల మధ్య జరిగే వ్యవహారమని మన పూర్వులు ఎరుగుదురు కాబోలు. ఇకమీద చెప్పబోయే చరిత్ర అంతా ఈ రెండవ దిద్దుబాటు ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి మారిందన్న కథే.

మొదట మన వీధిబడిని చూద్దాం. అక్కడ తరగతులు లేవు. ఒకే అరుగు మీద ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుతుంటే, మరొకడు గుణింతం వల్లిస్తూ ఉండేవాడు, ఇంకొకడు అమరం అప్పజెప్పేవాడు. వచ్చినవాడు ముందుకు పోయేవాడు, రానివాడు అక్కడే ఆగేవాడు. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల లెక్కలను మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపాడు. అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. మొత్తం 533 బడులు. వాటిలో తెలుగు చెప్పేవి 226. పై చదువులో ఉన్న పిల్లలు కింది పిల్లలకు చెప్పే పద్ధతి ఎంతో మెచ్చదగినదనీ, చెప్పే పిల్లవాడి చదువు కూడా దానివల్ల గట్టిపడుతుందనీ, ఇంగ్లండువారు దీనిని అనుకరించడం సమంజసమేననీ ఆయన ఆ నివేదికలో రాశాడు.

అనుకరించారన్నది ఉత్తమాట కాదు. మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూసి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే విధానాన్ని తన ఆశ్రమంలో అమలు చేశాడు. దానిమీద 1797లో లండనులో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి 'మద్రాసు పద్ధతి' అనే పేరే స్థిరపడింది. కనుక ఎవరి నడకన వారు చదువుకోవడం మనకు కొత్త కాదు. అయితే ఆ అరుగు మీద పిల్లవాని పక్కన ఎప్పుడూ ఒకడు ఉండేవాడు. గురువు కాకపోతే, వాడికంటే నాలుగు పాఠాలు ముందున్న మరో పిల్లవాడు.

ఇక దూరాన ఉన్నవానికి చదువు చెప్పడం. 1728లో బోస్టను గెజెట్టులో కేలబ్ ఫిలిప్స్ అనే ఆయన, వారంవారం పాఠాలు పంపి పల్లెల్లో ఉన్నవారికి కూడా సంక్షిప్తలిపి నేర్పుతానని ప్రకటన ఇచ్చాడు. ఈ పద్ధతిని పూర్తిస్థాయిలో నడిపి చూపించినవాడు మాత్రం ఇంగ్లండులోని బాత్ నగరవాసి ఐజక్ పిట్‌మన్. మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద ఒకప్పుడు కనిపించిన 'షార్ట్‌హ్యాండు పిట్‌మన్' ఆయనే. 1837లో తన లిపిని ప్రకటించాడు. 1840లో బ్రిటనులో దేశమంతటా ఉత్తరానికి ఒకే ఒక్క పెన్నీ చాలునన్న తపాలా ఏర్పాటు వచ్చింది. పిట్‌మన్ దానిని అందిపుచ్చుకున్నాడు. పాఠాలు తపాలాలో పంపేవాడు. విద్యార్థులు బైబిలు భాగాలను సంక్షిప్తలిపిలోకి మార్చి తిరిగి పంపేవారు. తప్పులు దిద్దిన కాగితం మళ్ళీ విద్యార్థి ఇంటికి చేరేది.

ఈ వృత్తాంతంలో గమనించవలసింది పాఠం వెళ్ళడం కాదు. అచ్చు పుస్తకం అంతకు నాలుగు శతాబ్దాల ముందునుంచీ పాఠాన్ని దూరతీరాలకు మోస్తూనే ఉంది. ఇక్కడ కొత్తది ఆ కాగితం తిరిగి రావడం. పెన్నీ తపాలా వల్ల చౌక అయినది చెప్పడం కాదు, దిద్దడం. మరొక పోలిక కూడా మనసుకు తట్టుతుంది. దూరవిద్యలో మొట్టమొదట వేళ్ళూనుకున్న చదువు ఒక కొత్త లిపి. వెబ్‌సైటు రూపకల్పన కూడా అటువంటిదే. గుర్తులు నేర్చుకోవాలి, చేత్తో సాధన చేయాలి, ఫలితాన్ని మరొకరు చదవగలగాలి.

ఆ తరువాతి నూరేళ్ళలో ఈ దిద్దుబాటు పలుచబడుతూ వచ్చింది. 1858లో లండను విశ్వవిద్యాలయం, ఎక్కడ చదువుకున్నవారైనా సరే తన పరీక్షలకు కూర్చోవచ్చునని తలుపులు తెరిచింది. అది గొప్ప ఔదార్యమే. కాని పరీక్ష పెట్టడం వేరు, దిద్దడం వేరు. 1891లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం స్క్రాంటను పట్టణంలో థామస్ ఫాస్టర్ అనే పత్రికాసంపాదకుడు బొగ్గుగని కార్మికుల కోసం ఒక తపాలా కోర్సు ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై లక్షలమందిని చేర్చుకున్న కరస్పాండెన్సు సంస్థ అయింది. చేరినవారిలో ఎక్కువమంది చివరి పాఠం దాకా రాలేదు. నూరేళ్ళ తరువాత అంతర్జాలంలో కనబడబోయే దృశ్యం అక్కడే మొదటిసారి పెద్దయెత్తున కనబడింది.

దిద్దే పని యంత్రానికి అప్పగించవచ్చునా అన్న ఆలోచన 1920లలో మొదలైంది. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సిడ్నీ ప్రెస్సీ ప్రశ్నలడిగి సరైన మీట నొక్కితేనే ముందుకు కదిలే పెట్టె ఒకటి తయారుచేసి, 1926లో దాని గురించి వ్యాసం ప్రకటించాడు. ఆ తరువాత 1953 నవంబరులో హార్వర్డు ఆచార్యుడు బి.ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదివే నాలుగవ తరగతి లెక్కల పాఠం చూడబోయాడు. ఆయనకు అక్కడ రెండు లోపాలు కనిపించాయి. చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లవాడికి వెంటనే తెలియడం లేదు. వచ్చినవాడూ రానివాడూ అందరూ ఒకే నడక నడవవలసివస్తున్నది. ఈ రెండింటికీ విరుగుడుగా ఆయన బోధనాయంత్రాలు చేశాడు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, ప్రతి మెట్టుకూ ఒక ప్రశ్న, వెంటనే జవాబు: నేటి అంతర్జాల కోర్సుల అస్థిపంజరం అదే. తెర మారింది గాని లోపలి ఎముకలు స్కిన్నరువే.

స్కిన్నరు మిత్రుడు ఫ్రెడ్ కెల్లర్ మరొక అడుగు వేశాడు. బ్రెజిల్ రాజధానిలోని కొత్త విశ్వవిద్యాలయంలో 1964లో సహచరులతో కలిసి ఒక కోర్సును పూర్తిగా విద్యార్థి నడకకే వదిలిపెట్టాడు. 1968లో దానిమీద రాసిన వ్యాసానికి 'గుడ్‌బై, టీచర్' అని పేరు పెట్టాడు. ఆ శీర్షిక ఎంత ప్రసిద్ధి పొందిందంటే, లోపలి విషయం చదవకుండానే చాలామంది ఉపాధ్యాయునికి సెలవు ఇచ్చేశారు. నిజానికి కెల్లర్ సెలవు ఇచ్చింది ఉపన్యాసానికి. ఆయన పద్ధతికి ఐదు లక్షణాలు ఉన్నాయి: విద్యార్థి నడక విద్యార్థిది, ఒక భాగం పూర్తిగా వచ్చేదాకా తరువాతి భాగం లేదు, ఉపన్యాసాలు ఉత్సాహం కోసమే, పాఠం రాతలో ఉండాలి, ఐదవది, ప్రాక్టరు ఉండాలి. ఎవరీ ప్రాక్టరు? అదే పాఠం అంతకుముందే నేర్చిన సాటి విద్యార్థి. ఎదురుగా కూర్చుని, రాసిన జవాబు అప్పటికప్పుడే దిద్ది, ఎందుకు తప్పో మాట్లాడేవాడు. బళ్ళారి వీధిబడి అరుగు మీద పెద్ద పిల్లవాడు చేసిన పని ఇదే.

అంత జాగ్రత్తపడినా కెల్లర్ పద్ధతికి ఒక చీడ పట్టింది: వాయిదా. గడువు లేని చదువును రేపటికి నెట్టడం మనిషి నైజం. ఎవరి నడక వారిది అన్నప్పుడు నిలబడిపోయే స్వేచ్ఛ కూడా వారిదే అవుతుంది.

మన రాష్ట్రం ఈ చరిత్రలో ఒక మంచి పుట సంపాదించుకున్నది. బ్రిటనులో 1969లో ఏర్పడి 1971లో విద్యార్థులను చేర్చుకున్న ఓపెన్ యూనివర్సిటీని ఆదర్శంగా తీసుకుని, 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. భారతదేశంలో అది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపాధ్యక్షుడు జి. రామ్‌రెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులు. ఇంటరు చదవనివారు కూడా అర్హతపరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించారు. తెలుగులో పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. అయితే పుస్తకాలు పంపి ఊరుకోలేదు. ఊరూరా కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి, సందేహాలు తీర్చే అధ్యాపకులను నియమించారు. పుస్తకం పంపినంతమాత్రాన చదువు పంపినట్లు కాదని ఆ వ్యవస్థను కట్టినవారికి తెలుసు.

ఇప్పుడు వెబ్‌సైటు రూపకల్పన దగ్గరకు వద్దాం. టిమ్ బెర్నర్స్‌లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో ఈ జాలాన్ని ప్రతిపాదించాడు. 1991లో లోకానికి తెలియజేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దీనిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. తొలినాటి హెచ్‌టీఎంఎల్ వివరణపత్రంలో ఉన్నవి 18 ట్యాగులు మాత్రమే. మన అచ్చులూ హల్లులూ నేర్చుకోవడం కంటే తేలిక. దీనికి కళాశాలలు లేవు, డిగ్రీలు లేవు. అయినా కొద్ది సంవత్సరాలలోనే వేలమంది నేర్చుకున్నారు. ఎలాగ?

దీనికి ఒక విశేష కారణం ఉంది. విహారిణి అని మనం పిలుచుకునే బ్రౌజరులో, చూస్తున్న పుట వెనుక ఉన్న రాతప్రతిని తెరిచి చూపే సౌకర్యం తొలిరోజులనుంచీ ఉన్నది. శిల్పం చూస్తే ఉలిదెబ్బల వరుస తెలియదు. కీర్తన వింటే స్వరం రాసి ఉండదు. వెబ్‌పుట ఒక్కటే, చూసినవానికి తాను తయారైన విధానాన్ని దాచుకోకుండా చెప్పింది. ఇంతటి బహిరంగమైన విద్య మరొకటి అరుదు. అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థ ప్రకటించిన ప్రారంభకుల కరదీపిక ఒకటి, ఇతరుల పుటల రాతప్రతులు కొన్ని. ఇవే ఆ తరానికి పాఠ్యపుస్తకాలు.

కాని చూసి రాయడంలో ఒక చిక్కు ఉంది. మూలంలోని తప్పు కూడా నకలులోకి వస్తుంది. తాళపత్రాల పాఠభేదాలతో కుస్తీపట్టిన పండితులకు ఇది చెప్పనక్కరలేదు. లేఖకుని ప్రమాదం వంద ప్రతులకు పాకుతుంది. 1996లో డేవిడ్ సీగెల్ అనే రూపకర్త రాసిన పుస్తకం ఒకటి విపరీతంగా అమ్ముడుపోయింది. పట్టికల కోసం ఉద్దేశించిన ట్యాగులతో పుటను గడులుగా విడగొట్టడం, కంటికి కనబడని చిన్న బొమ్మను ఇరికించి ఖాళీలు సృష్టించడం అందులోని ఉపాయాలు. అవి ఊరూరా పాకాయి. పుటలు కంటికి ఇంపుగానే ఉండేవి. వాటిని చదివి వినిపించే యంత్రాలపై ఆధారపడిన అంధులకు మాత్రం గందరగోళం అయ్యేవి. 1997లో సీగెల్ స్వయంగా, జాలం పాడైపోయింది, పాడుచేసినవాణ్ణి నేనే అన్న అర్థంతో వ్యాసం రాశాడు. అప్పటికే నకళ్ళు లెక్కకు మించిపోయాయి.

విహారిణి ఈ తప్పులను ఎందుకు పట్టుకోలేదు? అది మహా క్షమాగుణం కలది గనుక. మూయవలసిన ట్యాగు మూయకపోయినా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా దూర్చినా, ఏదో ఒకటి సర్దుకుని తెరమీద చూపిస్తుంది. 2014లో ఆమోదం పొందిన హెచ్‌టీఎంఎల్ ఐదవ ప్రమాణంలో, తప్పును ఏ విధంగా సర్దుకోవాలో కూడా సూత్రబద్ధం చేశారు. చదివేవారికి ఈ గుణం వరమే. నేర్చుకునేవారికి మాత్రం, అన్నింటికీ తల ఊపే మేష్టరు దొరికినట్లు.

అందుకే జెరాల్డ్ ఆస్కొబాయినీ తయారుచేసిన పరీక్షాయంత్రం నాకు ముఖ్యమైనదిగా తోస్తుంది. తరువాత అది జాల ప్రమాణాల సంస్థ అయిన డబ్ల్యూ3సీ వారి వ్యాలిడేటరు అయింది. పుట చిరునామా ఇస్తే ఏ పంక్తిలో ఏ తప్పు ఉందో చెబుతుంది. పిట్‌మన్ తపాలాకాగితం క్షణంలో తిరిగి వచ్చినట్లు. 2003లో డేవ్ షే 'సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్' ప్రారంభించి, రాతప్రతిని ఒక్క అక్షరం మార్చకుండా, అలంకార సూత్రాలు మాత్రమే మార్చి ఒకే పుటను ఎన్ని రూపాల్లో చూపవచ్చో నిరూపించాడు. చూసి రాసుకునేవారికి అలా ఒక మేలుప్రతి దొరికింది.

ఆ పైన వరదలా కోర్సులు వచ్చాయి. 1998 నుంచి నార్వేలోని డబ్ల్యూ3స్కూల్స్, 2011లో కోడకాడమీ, 2014లో ఫ్రీకోడ్‌క్యాంప్. కోడకాడమీ, ఫ్రీకోడ్‌క్యాంప్ వంటివి స్కిన్నరు పెట్టెకు వారసులు: రాసిన ప్రతి పంక్తినీ యంత్రం పరీక్షించి, సరైనదైతేనే తరువాతి మెట్టు తెరుస్తుంది. 2011లోనే స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం కృత్రిమమేధపై ఉచిత అంతర్జాల పాఠం పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. లోకమంతా విశ్వవిద్యాలయాలకు కాలం చెల్లిందన్నది. తరువాతి లెక్కలు వేరే కథ చెప్పాయి. హార్వర్డు, ఎంఐటీ సంస్థల ఉచిత కోర్సులను పరిశీలించి 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవారు 3.13 శాతం. నూటికి ముగ్గురు.

తక్కిన తొంభై ఏడుగురూ ఓడిపోయారనడం న్యాయం కాదు. కొందరు చూసిపోదామని వచ్చినవారు, కొందరు కావలసిన ఒక్క పాఠం నేర్చుకుని వెళ్ళినవారు. కాని వారిలో నిజంగా నేర్చుకుందామని వచ్చి, పదవ పాఠం దగ్గర చిక్కుకుని, అడగడానికి మనిషి లేక ఆగినవారు కూడా ఉంటారు. అటువంటివాడు కోర్సును నిందించడు. తనకు చదువు అబ్బదని అనుకుంటాడు. ఉచితపాఠాలు ఉన్నాయి కదా, ఇక ఉపాధ్యాయుడెందుకు అనేవారి లెక్కల్లో ఈ పిల్లవాడు ఎక్కడా నమోదు కాడు.

యంత్రం దిద్దలేనిది ఏమిటని అడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. బొమ్మ పెట్టినప్పుడు, చూపులేనివారి కోసం దాని వర్ణన రాయాలన్నది నియమం. వర్ణన లేకపోతే యంత్రం పట్టుకుంటుంది. 'బొమ్మ' అని ఒక్కమాట రాసి ఊరుకుంటే యంత్రం ఒప్పుకుంటుంది. అక్కడ కూర్చున్న అంధునికి ఆ మాట వల్ల ఒరిగిందేమీ లేదని చెప్పగలిగినవాడు మనిషే.

తెలుగు పుటల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. పేరున్న కోర్సులు దాదాపు అన్నీ ఆంగ్లలిపిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. 'స్వాతంత్ర్యం' వంటి మాటలో వత్తు కింద మరో వత్తు. ఆంగ్లానికి సరిపోయే పంక్తుల ఎడం మనకు పెడితే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. శీర్షికను పెద్దబడి అక్షరాలలో పెట్టమంటుంది పాఠం. మనకు ఆ భేదమే లేదు. వాలు అక్షరాలు వాడమంటుంది. వాలుగా గీసిన అక్షరాలు మన ఫాంట్లలో అరుదు, విహారిణి మామూలు అక్షరాన్నే బలవంతంగా పక్కకు వంచుతుంది. పుట తెలుగుదని తెలిపే భాషాసూచిక పెట్టకపోతే, చదివి వినిపించే యంత్రం దానిని ఏ భాషలో పలకాలో తెలియక తడబడుతుంది. వీటిలో చాలావరకు వ్యాలిడేటరుకు తప్పులుగా కనబడవు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి యూనికోడు తెలుగు సామాన్యుని తెరకు చేరిన నాటినుంచి, ఇటువంటి సంగతులు తెలుగువారు ఒకరికొకరు చెప్పుకునే నేర్చుకున్నారు. ఎక్కడా పాఠంగా లేని విద్య అది. నాలుగడుగులు ముందున్నవాడు వెనుకవానికి అందించినది.

2022 చివరలో వచ్చిన చాట్‌జీపీటీ వంటివి ఇప్పుడు తప్పు ఎక్కడో చూపి, ఎందుకో కూడా వివరిస్తున్నాయి. ఇది చిన్న సహాయం కాదు. కాని అడిగినవానికే అవి చెబుతాయి. మూడువారాలుగా పాఠం తెరవని విద్యార్థిని వెతుక్కుంటూ రావు. నలభై కాంపోజిషను పుస్తకాల దొంతరలో ఎవరి పుస్తకం లేదో ఉపాధ్యాయుడికి చేతి బరువును బట్టే తెలుస్తుంది.

కనుక వెబ్‌సైటు రూపకల్పన సొంతంగా నేర్చుకోదలచినవారికి చరిత్ర ఇచ్చే సలహా ఒక్కటే. కోర్సు ఏదైనా ఫరవాలేదు. అన్నింటిలోనూ సరుకు ఉంది. నేర్చుకున్నది ప్రతివారం చూపించడానికి ఒక మనిషిని చూసుకోండి. నిపుణుడే కానక్కరలేదు, నాలుగు పాఠాలు ముందున్నవాడు చాలు. మీకు ఇప్పటికే ఈ విద్య వచ్చి ఉంటే, వెనుక వస్తున్న ఒక్కరి పుటను తెరిచి చూసి, కింద రెండు పంక్తులు రాసి పంపండి. పాఠాలు ఇప్పుడు పుష్కలం. కొరత ఉన్నది దిద్దే చేతులకే.